రెక్కలు ముడుచుకున్న ఈగలు, చిల్లులు పడ్డ బ్రూడ్, కానీ వాష్‌లో నల్లి తక్కువ: ఇది వర్రోవానా, ఇంకేమన్నానా?

చింతలపూడి_తేనె | జూలై 5

నమస్కారం అండీ. ఏలూరు జిల్లాలో కొబ్బరి, పామాయిల్ తోటల మధ్య 20 మెల్లిఫెరా (బయటి నుంచి తెచ్చిన తేనెటీగ జాతి) పెట్టెలు ఉన్నాయి. ఒక్కో పెట్టెలో 7 నుంచి 8 ఫ్రేముల ఈగ. మేత కాలం అయిపోయింది, పంచదార పాకం మీద నడుస్తున్నాయి.

తెల్లవారేసరికి గుమ్మం ముందు నేల మీద ఈగలు పాకుతున్నాయి. రెక్కలు నలిగిన కాగితంలా ముడుచుకుని, పొట్టలు కురచగా ఉన్నాయి. లోపల బ్రూడ్, అంటే పిల్లలు పెరిగే గదుల, మూతలకు సూది గుచ్చినట్టు చిల్లులు. కొన్ని గదుల్లో మూత మొత్తం పోయి తెల్ల ప్యూపా తల బయటికి కనిపిస్తోంది. పనిఈగలు వాటిని లాగి బయట పారేస్తున్నాయి.

వర్రోవా నల్లి అనుకుని ఐదు పెట్టెల్లో స్పిరిట్ వాష్ (ఈగలను స్పిరిట్‌లో కడిగి రాలిన నల్లిని లెక్కపెట్టడం) చేస్తే 300 ఈగలకు 2, 3, 4 నల్లులే వచ్చాయి. అంటే నూటికి ఒకటిన్నర కూడా లేదు. మరి ఇంత నష్టం ఎక్కడి నుంచి వస్తోంది? పశువుల గోమార్లకు కొట్టే అమిట్రాజ్‌లో అట్టముక్కలు ముంచి ఫ్రేముల మధ్య పెట్టమని ఇక్కడ కొందరు చెబుతున్నారు. పెట్టవచ్చా? అక్టోబరులో వలిసె పూతకి అరకు వైపు తీసుకెళ్లాలి.

---

కీటకశాస్త్రం_బాపట్ల | జూలై 5

అట్టముక్కల సంగతి తర్వాత చూద్దాం అండీ. ముందు నల్లి ఏదో తేలాలి. మీ లెక్క తప్పు కాదు. మీరు వెతికిన చోట అది ఉండదు, అంతే.

స్పిరిట్ వాష్ పెద్ద ఈగల మీద ఉన్న నల్లిని మాత్రమే రాలుస్తుంది. వర్రోవా పెద్ద ఈగ పొట్ట పలకల సందుల్లో దూరి రోజుల తరబడి ఉంటుంది కాబట్టి దానికి ఆ పరీక్ష సరిపోతుంది. ట్రోపిలెలాప్స్ అనే ఇంకో నల్లి అలా కాదు. పెద్ద ఈగ చర్మాన్ని దాని నోరు కొరకలేదు. దాని తిండి అంతా పిల్లపురుగు, ప్యూపాల దగ్గరే. ఒక గదిలోంచి బయటపడి ఇంకో గదిలో దూరే ఆ ఒకటి రెండు రోజులే ఈగ మీద కనిపిస్తుంది. బ్రూడ్ నిండా ట్రోపిలెలాప్స్ ఉన్నా వాష్‌లో ఒకటో రెండో వస్తాయి, ఒక్కోసారి అసలు రాదు.

ఇలా చూడండి. మూత పడ్డ బ్రూడ్ ఎక్కువగా ఉన్న ఫ్రేము తీయండి. రాణి దాని మీద లేదని నిర్ధారించుకుని ఈగలన్నిటినీ పెట్టెలోకే దులపండి. ఫ్రేమును తెల్ల ట్రే మీద అడ్డంగా పట్టి, కర్ర అంచు ట్రేకి తగిలేలా ఒక వైపు రెండు దెబ్బలు, తిప్పి రెండో వైపు రెండు దెబ్బలు గట్టిగా కొట్టండి. ట్రేలో రాలినవాటిని వెంటనే చూడాలి, అర నిమిషం ఆగితే పరిగెత్తి అంచు దాటిపోతాయి. తర్వాత పట్టకారుతో 100 గదుల మూతలు తీసి ప్యూపాలను ఒక్కొక్కటిగా బయటికి లాగండి, గది గోడలు కూడా చూడండి. అంత ఓపిక లేకపోతే వెంట్రుకలు తీసే మైనపు స్ట్రిప్ బ్రూడ్ మీద అతికించి లాగితే మూతలన్నీ ఒకేసారి లేస్తాయి. ఆ ముక్కలో ప్యూపాలు ఎలాగూ పోతాయి, అరచేయంత మేర చాలు.

---

సత్తుపల్లి_పెట్టెలు | జూలై 5

రెంటినీ కంటితో ఎట్ల గుర్తుపట్టాలో కూడా చెప్తే మంచిదనిపించి రాస్తున్న.

వర్రోవా అడ్డం ఎక్కువ, నిలువు తక్కువ. వెడల్పు 1.6 మి.మీ. దాకా, పొడవు 1.1 మి.మీ. దగ్గర. ఎర్రటి గోధుమ రంగు, పీత ఆకారం, నిమ్మళంగా నడుస్తది. ట్రోపిలెలాప్స్ నిలువుగా, సన్నగా ఉంటది. పొడవు 1 మి.మీ.కి కొంచెం తక్కువ, వెడల్పు అందులో సగం. లేత గోధుమ రంగు. ముందు కాళ్లు రెండూ మీసాల లెక్క పైకెత్తి పట్టుకుని ఉరుకుతది. ఆ ఉరుకుడు ఒక్కసారి చూస్తే మళ్ల మర్చిపోరు. ఎండలో, పది రెట్ల భూతద్దం పెట్టి చూడాలె.

మీ పెట్టెల దగ్గర చెట్ల మీద గాని, నీళ్ల ట్యాంకుల కింద గాని కొండతేనె పట్లు ఉన్నయా? ట్రోపిలెలాప్స్ అసలు ఇల్లు అదే.

---

చింతలపూడి_తేనె | జూలై 6

చూశానండీ. నాలుగు పెట్టెల్లో ట్రే పరీక్ష చేశాను. సన్నటివి, పరిగెత్తేవి ఫ్రేముకి 6 నుంచి 11 రాలాయి. మూతలు తీస్తే 100 గదులకు ఒక పెట్టెలో 14 గదుల్లో, ఇంకోదాంట్లో 22 గదుల్లో కనిపించాయి. ఒకే గదిలో మూడు నాలుగు కూడా ఉన్నాయి. వర్రోవా ఒకటి రెండు గదుల్లోనే ఉంది. చెరువు గట్టు మీద రావిచెట్టుకి మూడు కొండతేనె పట్లు ఉన్నాయి.

మందు ఏది? గంధకం చల్లమని ఒక కరపత్రంలో ఉంది.

---

కీటకశాస్త్రం_బాపట్ల | జూలై 6

అయితే ఇది రెండు నల్లుల యార్డు, పెత్తనం మాత్రం ట్రోపిలెలాప్స్‌ది. మన దగ్గర మెల్లిఫెరా పెంచేవాళ్లందరూ తెలుసుకోవాల్సిన చరిత్ర ఇందులో కొంత ఉంది.

ఈ రెండూ మెల్లిఫెరాతో పుట్టిన నల్లులు కావు. వర్రోవా మన దేశవాళీ పుట్టతేనె ఈగది. ట్రోపిలెలాప్స్ కొండతేనె ఈగది. మెల్లిఫెరాని ఆసియాకి తెచ్చి వాటి పక్కన పెట్టాక రెండూ దీని మీదికి దూకాయి. మన దేశంలో మెల్లిఫెరా నిలదొక్కుకున్నది 1962 నుంచి, హిమాచల్, పంజాబ్ వైపున. వర్రోవాని చాలా కాలం జాకబ్సోనీ అనే రాశారు. మెల్లిఫెరాను చంపేది వేరే జాతి అని 2000లో తేల్చి డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు. ట్రోపిలెలాప్స్ విషయంలో 2007లో అదే జరిగింది. మన దగ్గర మెల్లిఫెరా మీద పడేది మెర్సిడెసే అనే జాతి. పాత పుస్తకాల్లో క్లారియే అని కనిపిస్తుంది.

దేశవాళీ ఈగ వర్రోవాతో ఎలా బతుకుతోందో చూస్తే మనం చేయాల్సింది అర్థమవుతుంది. దాని గూట్లో వర్రోవా పోతుటీగల బ్రూడ్‌లోనే పిల్లలు పెట్టగలదు. పనిఈగ ప్యూపాకి నల్లి సోకితే ఆ ప్యూపా త్వరగా చచ్చిపోతుంది, పనిఈగలు పసిగట్టి లాగేస్తాయి, నల్లి సంతానం అక్కడితో ఆగిపోతుంది. మెల్లిఫెరాకి ఆ అలవాటు తక్కువ. అందుకే దాని పనిఈగ బ్రూడ్ మొత్తం నల్లికి పంటపొలం.

ట్రోపిలెలాప్స్ ఇంకా వేగం. వారం లోపే గుడ్డు నుంచి పెద్దదవుతుంది, ఈగ మీద కాలక్షేపం లేకుండా మళ్లీ గదిలోకి దూరుతుంది. రెండూ కలిసిన చోట సాధారణంగా ఇదే గెలుస్తుంది.

కానీ దాని బలమే దాని బలహీనత కూడా. బ్రూడ్ లేకపోతే దానికి తిండి లేదు, పెద్ద ఈగల మీద రెండు మూడు రోజులకు మించి బతకడం అరుదు. కాబట్టి ఈ నెలలో మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా మంచి మందు రాణి పంజరం, అంటే రాణిని బంధించి బ్రూడ్ లేకుండా చేయడం.

---

గంధకం_గుంటూరు | జూలై 6

పంజరం సరే. కానీ 20 పెట్టెలకి రాణులను వెతికి పట్టుకోవడం అందరికీ కుదరదు. గంధకం పొడి ఫ్రేముకి 200 మి.గ్రా. చొప్పున పై కర్రల మీద సన్నటి గుడ్డలోంచి రాల్చి, 7 నుంచి 10 రోజులకొకసారి మళ్లీ వేస్తే ట్రోపిలెలాప్స్ తగ్గుతుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెప్పే పద్ధతే ఇది. 8 ఫ్రేముల పెట్టెకి 1.6 గ్రాములు అన్నమాట. పిడికెడు కాదు! ఎక్కువ పడితే మూత పడని పిల్లపురుగులు చస్తాయి.

ఇంకో హెచ్చరిక. గంధకం వేసే పూట పొగడబ్బా దూరంగా ఉంచండి. నిప్పురవ్వ పడితే సల్ఫర్ డయాక్సైడ్ లేస్తుంది, పెట్టె మొత్తం పోతుంది.

---

కీటకశాస్త్రం_బాపట్ల | జూలై 6

గంధకం మోతాదు, జాగ్రత్త రెండూ సరిగ్గా రాశారు. నా అభ్యంతరం ఒక్కటే. పొడి మూత కింద ఉన్న నల్లిని తాకదు. గదుల మధ్య తిరిగేదాన్నే పట్టుకోవాలి, అది బయట ఉండేది రోజో రెండు రోజులో. నూటికి 5 గదుల్లో నల్లి ఉన్నప్పుడు పెరగకుండా పట్టి ఉంచడానికి గంధకం చాలు. 22 గదులకి చేరాక అదొక్కటే చాలదు.

---

ఆమ్లం_వత్తి | జూలై 7

మూత కిందికి కూడా దిగేది ఫార్మిక్ ఆమ్లం ఒక్కటే. దాని పేరు ఎవరూ ఎత్తలేదేం? 85 శాతం ఫార్మిక్, రోజుకి 5 మి.లీ., చిన్న గాజుసీసాలో దూది వత్తి పెట్టి పక్క ఫ్రేము తీసిన ఖాళీలో నిలబెట్టడం. పనిఈగ బ్రూడ్ మూత కింద 12 రోజులు ఉంటుంది కాబట్టి కనీసం 15 రోజులు ఆపకుండా రోజూ నింపాలి. రెండు నల్లులకూ పనిచేస్తుంది.

---

కీటకశాస్త్రం_బాపట్ల | జూలై 7

పనిచేస్తుంది. కాకపోతే జూలైలో ఏలూరులో కాదు. ఫార్మిక్ ఎంత ఆవిరవుతుందో నిర్ణయించేది ఎండ. పగటి వేడి 10 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే 5 మి.లీ. రోజంతా నెమ్మదిగా వస్తుంది. 34 డిగ్రీల్లో అదే 5 మి.లీ. మధ్యాహ్నానికే అయిపోతుంది. ఆ రెండు మూడు గంటల గాఢతకి పిల్లపురుగులు మాడిపోతాయి, రాణి గుడ్లు ఆపేస్తుంది లేదా చస్తుంది, ఈగలు గుమ్మం బయట గడ్డంలా వేలాడతాయి. మైదానంలో ఫార్మిక్‌కి అదను నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా. అదీ తేనె తీసేశాక, సూపర్ (పైన పెట్టే తేనె గది) లేనప్పుడు, గుమ్మం పూర్తిగా తెరిచి, సాయంత్రం పూట.

85 శాతం మరీ ఘాటు అనిపిస్తే 100 మి.లీ. ఆమ్లానికి సుమారు 37 మి.లీ. నీళ్లు కలిపితే 65 శాతం అవుతుంది. నీళ్లలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు కాదు. కళ్లద్దాలు, రబ్బరు చేతి తొడుగులు వేసుకోండి, పక్కన బకెట్ నీళ్లు ఉంచుకోండి. చర్మం మీద పడ్డ చుక్క వెంటనే మండకపోయినా బొబ్బ లేపుతుంది.

---

ఒంగోలు_పశువైద్యం | జూలై 7

అమిట్రాజ్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. పశువుల మీద కొట్టడానికి వచ్చే 12.5 శాతం ద్రావణాన్ని చర్మం మీద పలచన చేసి వాడాలని తయారు చేశారు. అందులో మందుతో పాటు జైలీన్ లాంటి ద్రావకాలు, సబ్బు గుణం ఉన్న కలుపులు ఉంటాయి. అట్టముక్క ఎంత పీల్చింది, రోజుకి ఎంత వదులుతోంది అనేది ఎవరికీ తెలియదు. ఈగల కోసం తయారైన స్ట్రిప్‌లో మందు కొలత ప్రకారం 6 నుంచి 10 వారాలు నెమ్మదిగా బయటికి వస్తుంది. అట్టముక్క మొదటి రెండు రోజుల్లో ఎక్కువ వదిలి, తర్వాత నెలల తరబడి చాలీచాలని మోతాదు వదులుతుంది. నిరోధకత పుట్టించడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

అమెరికాలో అదే జరిగింది. 2025 మొదట్లో అక్కడ వాణిజ్య పెంపకందారుల పెట్టెలు సగానికి పైగా పోయాయి. ఆ దేశ వ్యవసాయ శాఖ పరిశోధకులు కూలిన పెట్టెల నుంచి నమూనాలు తీసుకుంటే రెక్కలు ముడిచే వైరస్, తీవ్ర పక్షవాత వైరస్ ఎక్కువ మోతాదులో ఉన్నాయి. పరీక్షించిన వర్రోవా నల్లుల్లో దాదాపు అన్నిటిలోనూ అమిట్రాజ్‌కి లొంగని జన్యు గుర్తు కనిపించింది. అంతకుముందు ఫ్లువాలినేట్ అనే నల్లి మందు సంగతీ అంతే. అది మైనంలో పేరుకుపోతుంది, ఫ్రేములు మార్చేదాకా అక్కడే ఉంటుంది.

పైగా తేనెలో అవశేషం దొరికితే ఆ లాట్ కొనరు. అట్టముక్కలు వద్దండీ.

---

చింతలపూడి_తేనె | జూలై 7

సరేనండీ, అట్టముక్కల మాట వదిలేశాను. పంజరానికే సిద్ధం. తేదీలతో చెబితే గోడ మీద రాసుకుంటాను.

---

కీటకశాస్త్రం_బాపట్ల | జూలై 8

జూలై 12న మొదలుపెడితే ఇలా వస్తుంది.

జూలై 12: 20 పెట్టెల్లోనూ అదే రోజు రాణులను పంజరంలో పెట్టండి. సగం ఈ వారం, సగం వచ్చే వారం అంటే లాభం లేదు. దారి తప్పిన ఈగలు, దోపిడీ ఈగలు నల్లిని మళ్లీ మోసుకొస్తాయి. పంజరం రాణి తెర (రాణి దాటలేని జాలీ) సందులున్నదై ఉండాలి, అంటే సుమారు 4.2 మి.మీ. పనిఈగలు లోపలికీ బయటికీ తిరుగుతూ రాణికి మేత పెట్టగలగాలి. దాన్ని మధ్య ఫ్రేములో కొంత పట్టు కోసి అక్కడ బిగించండి. అంచుల్లో పెడితే ఈగలు రాణిని వదిలేసి కొత్త రాణిగదులు కడతాయి.

జూలై 19 నుంచి 20: పెట్టెలన్నీ తెరిచి అత్యవసర రాణిగదులుంటే నలిపేయండి. పంజరం లోపల రాణి ఉన్నా కొన్ని కడతాయి. ఒక్కటి మిగిలినా పంజరంలో ఒక రాణి, బయట ఒక రాణి అవుతాయి.

జూలై 26 నుంచి 30: పోతుటీగ బ్రూడ్ అంతా ఈపాటికి మూతల కింద ఉంటుంది. కోసి తీసి మైనం కరిగించే డబ్బాలో వేయండి. వర్రోవా పోతుటీగ గదిని పనిఈగ గది కంటే ఎనిమిది పది రెట్లు ఇష్టపడుతుంది, కాబట్టి ఆ కోత ఒక్కటే బోలెడు నల్లిని తీసేస్తుంది. కోయకుండా వదిలితే ఆగస్టు 5 దాకా, అంటే 24 రోజులూ, అది నల్లికి ఆశ్రయం.

ఆగస్టు 2: చివరి పనిఈగలు బయటికి వచ్చేస్తాయి. గుడ్డు నుంచి 21 రోజులు. ఇక్కడి నుంచి ట్రోపిలెలాప్స్‌కి ఆకలి మొదలు.

ఆగస్టు 5 సాయంత్రం: ఆక్సాలిక్ పాకం. దీని పని వర్రోవా మీద. ఇప్పుడు బ్రూడ్ లేదు కాబట్టి వర్రోవా మొత్తం ఈగల ఒంటి మీదే ఉంటుంది. ఆక్సాలిక్ మూత కిందికి దిగదు, అందుకే బ్రూడ్ నిండా ఉన్నప్పుడు పోస్తే సగం పని కూడా చేయదు.

ఆగస్టు 6: రాణులను వదిలేయండి. అదే రోజు గుడ్లు పెట్టినా పిల్లపురుగు కనిపించేది 9న. అంటే ట్రోపిలెలాప్స్‌కి వారం రోజులు తిండి లేనట్టే.

తర్వాత వచ్చే కొత్త ఈగలు ఆగస్టు 27 నుంచి. ఆ ఈగలే సెప్టెంబరులో తమ తర్వాతి ఈగలను పెంచి వలిసె పూతకి అందిస్తాయి. అందుకే ఈ పని ఆగస్టు దాటించకూడదు. సెప్టెంబరు చివర రాణిని బంధిస్తే నల్లి పోతుంది, పూతకి ఈగా ఉండదు.

---

ఆమ్లం_వత్తి | జూలై 8

ఆక్సాలిక్ పాకం కొలతలు నేను రాస్తాను. 600 గ్రా. పంచదార, 600 మి.లీ. నీళ్లు కలిపితే ఇంచుమించు లీటరు పాకం. ముందు నీళ్లలోంచి కొంచెం గోరువెచ్చగా తీసుకుని 35 గ్రా. ఆక్సాలిక్ డైహైడ్రేట్ పలుకులు అందులో పూర్తిగా కరిగించి, ఆ తర్వాత పాకంలో కలపాలి. ఫ్రేముల మధ్య ఈగ నిండిన ఒక్కో సందుకి 5 మి.లీ. సిరంజితో ఈగల మీదే సన్నని ధారగా పోయాలి. 8 సందులకి 40 మి.లీ. పెట్టె ఎంత పెద్దదైనా 50 మి.లీ. దాటకూడదు. 20 పెట్టెలకి 800 మి.లీ. చాలు.

ల్యాబ్ గ్రేడ్ కొనండి. బండలు తోమడానికి అమ్మే పొడిలో ఏముందో తెలియదు. కలిపిన పాకాన్ని ఎండలో నిల్వ ఉంచితే ఈగలకి విషమైన పదార్థం పుడుతుంది, ఏ రోజుకారోజు కలుపుకోండి. తగ్గలేదని వారానికోసారి పోయడం కూడా తప్పే. ఒక ఈగ మీద ఒక్కసారే.

---

చింతలపూడి_తేనె | జూలై 8

చాలా స్పష్టంగా ఉంది అండీ, ధన్యవాదాలు. ఒక సందేహం. నల్లి పోతే ఈ రెక్కలు ముడుచుకోవడం ఆగిపోతుందా? వైరస్‌కి వేరే మందు వేయాలా? ఇక్కడి మందుల షాపులో ఏదో యాంటీబయాటిక్ చూపిస్తున్నారు.

---

వైరస్_నోట్స్ | జూలై 9

ఈగ వైరస్‌లకి మందు లేదండీ. యాంటీబయాటిక్ బాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్ మీద కాదు. కొనవద్దు. తేనెలో మిగిలేది అదే.

రెక్కలు ముడిచే వైరస్ నల్లి రాకముందు కూడా ఈగల్లో ఉండేదే. పనిఈగలు పెట్టే మేత ద్వారా, రాణి గుడ్ల ద్వారా, పోతుటీగ వీర్యం ద్వారా కొద్ది కొద్దిగా సాగేది, పెద్దగా హాని చేసేది కాదు. నల్లి వచ్చి దాన్ని నేరుగా ప్యూపా ఒంట్లోకి ఎక్కించడం మొదలుపెట్టాక కథ మారింది. హవాయి దీవుల్లో దీన్ని కళ్లారా చూశారు. అక్కడ వర్రోవా 2007లో ఒవాహు దీవిలో అడుగుపెట్టింది. నల్లి లేని దీవుల్లో పదింటిలో ఒక పెట్టెకి ఉన్న ఆ వైరస్, నల్లి ఉన్న చోట దాదాపు ప్రతి పెట్టెకీ వచ్చింది. అంతకుముందు ఎన్నో రకాలుగా ఉన్న వైరస్‌లో ఒక రకం మిగతావాటిని తొక్కేసింది. ఆ పరిశోధన 2012లో అచ్చయింది.

నల్లి చేసే హాని ఇంకోటి ఉంది. వర్రోవా రక్తం తాగుతుందని చాలా ఏళ్లు అనుకున్నారు. అది ప్రధానంగా తినేది ఈగ కొవ్వు కణజాలాన్ని అని 2019లో చూపించారు. విషాలను విరిచేది, రోగాన్ని ఎదుర్కొనేది ఆ కణజాలమే. అంటే వైరస్‌ని ఎక్కిస్తూ, దాన్ని ఆపే కాపలాని కూడా తినేస్తోంది. ట్రోపిలెలాప్స్ కూడా ఇదే వైరస్‌ని మోస్తుంది.

ఇక మీరు జాగ్రత్తగా గమనించాల్సిన విషయం. నల్లిని తీసేసిన మర్నాడే పాకుడు ఆగదు. ప్యూపా దశలో వైరస్ ఎక్కినవి ఆగస్టు 2 దాకా బయటికి వస్తూనే ఉంటాయి. రెక్కలు బాగున్నా లోపల వైరస్ మోస్తున్న ఈగలు ఆగస్టు అంతా ఉంటాయి, అవి త్వరగా చనిపోతాయి. మందు పనిచేయలేదని కంగారుపడి రెండో మందు, మూడో మందు వేసి చాలామంది పెట్టెలు పోగొట్టుకునేది ఇక్కడే. ఈగలను చూసి కాదు, నల్లిని లెక్కపెట్టి నిర్ణయించుకోండి.

ఇంకో మాట. పాకే ఈగలన్నీ నల్లివి కావు. ఒంటి మీద నూగు రాలిపోయి, నల్లగా మెరుస్తూ, వణుకుతూ గుమ్మం దగ్గర గుమిగూడితే అది దీర్ఘకాలిక పక్షవాత వైరస్, దానికి నల్లి అవసరం లేదు. ఒక్కపూటలో కుప్పగా చచ్చి నాలుకలు బయటపెట్టి ఉంటే పక్క పొలంలో ఏం కొట్టారో ముందు కనుక్కోండి.

---

అరకు_పుట్టతేనె | జూలై 9

అక్టోబరులో మా వైపు వస్తామన్నారు కాబట్టి ఒక విన్నపం. ఇక్కడ చాలామందివి దేశవాళీ ఈగ పెట్టెలు. వాటికి వర్రోవా భయం తక్కువ, భయమంతా థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్‌దే. 1976లో థాయిలాండ్‌లో బయటపడి, 1978 నాటికి మన ఈశాన్యానికి వచ్చింది. 1991-92లో దక్షిణాదిలో దేశవాళీ పెట్టెలను నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టింది. ఆ దెబ్బకి ఎన్నో కుటుంబాలు తేనె పనే మానుకున్నాయి.

గుర్తు ఇది. పిల్లపురుగు గదిలో నిలువుగా చాచుకుని, వెల్లకిలా, తల పైకెత్తి పడవలా చచ్చి ఉంటుంది. పట్టకారుతో లాగితే తెగకుండా నీళ్ల సంచిలా వస్తుంది. తల ముందుగా నల్లబడుతుంది. దుర్వాసన ఉండదు. అదే పురుగు చుట్ట చుట్టుకుని పసుపురంగుకి మారి పుల్లటి వాసన వస్తే అది బాక్టీరియా తెగులు. పుల్ల గుచ్చి లాగితే జిగురు తీగలా సాగితే ఇంకో బాక్టీరియా తెగులు.

సాక్‌బ్రూడ్ కనిపిస్తే ఆ పట్లను మరో పెట్టెలోకి అస్సలు మార్చకూడదు. రోగం పట్టిన పట్లు తీసేసి, రాణిని మూడు వారాలు బంధించి, ఈగ కప్పగలిగినన్ని పట్లే ఉంచి, రాత్రిపూట పాకం పెట్టాలి. తట్టుకుని నిలబడ్డ పెట్టెల నుంచే రాణులను పెంచుకోవాలి, ఖరీదు చేసి తెచ్చిన వాటి నుంచి కాదు.

మీరు వచ్చేటప్పుడు ఆరుబయట తొట్టెల్లో పాకం పెట్టకండి. ఊరి ఈగలన్నీ ఒకే తొట్టె మీద వాలితే ఏ పెట్టె రోగం ఏ పెట్టెకి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు.

---

మెల్‌బోర్న్_మామిడి | జూలై 10

మాది ఒంగోలే, ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంటున్నాం. ఇక్కడ 2022 జూన్‌లో న్యూకాజిల్ ఓడరేవు దగ్గర వర్రోవా దొరికింది. పెట్టెలు తగలబెట్టి నిర్మూలించాలని చూశారు. 2023 సెప్టెంబరులో ఆ ప్రయత్నం ఆపేసి, కలిసి బతకడం నేర్చుకోండన్నారు. ట్రోపిలెలాప్స్ ఇంకా రాలేదు కానీ పక్కనే పాపువా న్యూగినీలో ఉంది. ఇక్కడ అందరికీ స్పిరిట్ వాష్, పంచదార పొడి పరీక్షే నేర్పుతున్నారు. ఈ చర్చ చదివాక ట్రే పరీక్ష కూడా అలవాటు చేసుకోవాలనిపిస్తోంది. చలికాలంలో ఇక్కడ బ్రూడ్ బాగా తగ్గుతుంది. అయినా పంజరం అవసరమా?

---

కీటకశాస్త్రం_బాపట్ల | జూలై 10

ఒక పెట్టె తెరిచి చూసి నిర్ణయించుకోండి. మూత పడ్డ గది ఒక్కటీ లేకపోతే చలే మీ పంజరం, నేరుగా ఆక్సాలిక్ పోయవచ్చు. అరచేయంత బ్రూడ్ ఉన్నా నల్లి అందులోకి చేరి దాక్కుంటుంది. కాకపోతే అక్కడి లేబుల్ ఏం అనుమతిస్తుందో అదే వాడండి.

ట్రే పరీక్ష అలవాటు చేసుకోవడం మంచిదే. 2024లో రష్యా దక్షిణాన, జార్జియాలో ట్రోపిలెలాప్స్ ఉన్నట్టు తేలింది. చలిదేశాల్లో అది బతకదన్న ధీమా అక్కడితో పోయింది.

---

చింతలపూడి_తేనె | జూలై 10

చివరిగా రెండు. పంజరం ఉన్న 25 రోజులూ మేత ఎంత పెట్టాలి? అరకు ఎక్కించే ముందు ఏ లెక్క చూసి బండి కట్టాలి?

---

సత్తుపల్లి_పెట్టెలు | జూలై 10

బ్రూడ్ లేనప్పుడు ఈగకు ఖర్చు తక్కువ. ఒకటికొకటి చక్కెర పాకం వారానికి అర లీటరు, పొద్దుగూకినంక, లోపలి డబ్బాలనే. ఎక్కువ పోస్తే రాణి గుడ్లు పెట్టాల్సిన గదులల్ల పాకం నింపుతయి. వదిలే ముందు ఆ గదులు ఖాళీగా ఉండాలె. ఆగస్టు 6 తర్వాత మాత్రం పాకంతో పాటు పుప్పొడి కావాలె. జొన్న, మక్కజొన్న పూత ఉన్న దిక్కు పెట్టుకుంటే కొనే పని ఉండదు. బజార్ల దొరికే తేనె, వేరేవాళ్ల పుప్పొడి పెట్టకండి, వైరస్ అట్లనే వస్తది. ఈగ కప్పని పట్లు తీసి మూసి పెట్టుండ్రి, లేకుంటే మైనపు పురుగు వారంల తినేస్తది. గుమ్మం రెండు ఈగలు పట్టేంత చిన్నగ చేయండి.

---

కీటకశాస్త్రం_బాపట్ల | జూలై 11

రెండో ప్రశ్నకి. సెప్టెంబరు 20 ప్రాంతంలో ప్రతి పెట్టెకీ రెండు పరీక్షలూ చేయండి. వాష్‌కి బ్రూడ్ ఫ్రేము నుంచి సుమారు 120 మి.లీ. కొలతలో పట్టే ఈగలు తీసుకోండి, ఇంచుమించు 300 వస్తాయి. సర్జికల్ స్పిరిట్‌లో ఒక నిమిషం ఆడించి, 3 మి.మీ. జాలీలో వడకట్టి, అవే ఈగలను ఇంకోసారి కడగండి. మొత్తం 6 నల్లుల లోపుంటే, అంటే నూటికి 2 లోపు, బండి ఎక్కించవచ్చు. 9 దాటితే ఆ పెట్టెను ఇక్కడే ఆపి విడిగా చూసుకోండి. ట్రోపిలెలాప్స్‌కి మూత తీసిన 100 గదుల్లో ఒక్కటి దొరికినా ఆ పెట్టెకి గంధకం 200 మి.గ్రా. చొప్పున మొదలుపెట్టి, వారం తర్వాత మళ్లీ చూడండి. రావిచెట్టు మీద పట్లు ఉన్నన్నాళ్లూ అది తిరిగి వస్తుంది. ఆ పట్లను మాత్రం తగలబెట్టకండి, చుట్టూ ఉన్న పంటలకి అవీ కావాలి. మీ పెట్టెలనే చెరువు గట్టు నుంచి వీలైనంత దూరం జరపండి.

అరకులో తేనె తీసేశాక, కిందికి దిగే ముందు అక్కడి చలిలోనే ఫార్మిక్ వత్తులు పెట్టే వీలుంటుంది. తేదీ దగ్గరపడ్డాక పగటి వేడి ఎంతుందో ఇక్కడే రాయండి, మోతాదు అప్పుడు చూద్దాం.